మిర్యాలగూడ అంబాసిడర్: ఇరవై ఏళ్లు మూసి ఉన్న బండి, నాలుగేళ్లు విప్పి ఉన్న బండి

నల్లగొండలో మేము నడిపే షెడ్డుకు పాత కార్లు రెండు రకాలుగా వస్తుంటాయి. ఆగిన చోటనే ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, దుమ్ము పట్టి, ఎలుకలు దూరినా ఒక్క బోల్టు కూడా ఎవరూ విప్పకుండా వచ్చేవి ఒక రకం. ఎవరో ఉత్సాహంగా విప్పి, సగంలో చేతులెత్తేస్తే, సామానంతా సంచుల్లో వేసుకుని లారీ మీద వచ్చేవి రెండో రకం. ఇక్కడ వివరించబోయే 1968 మోడల్ అంబాసిడర్ మార్క్ టూ ఈ రెండు దశలనూ దాటి మా దగ్గరికి చేరింది. అందువల్ల ఏ నష్టం ఏ దశలో జరిగిందో ఒకే బండి మీద విడదీసి చూసే అవకాశం మాకు దొరికింది. దీని పునరుద్ధరణ ఇంకా మొదలు కాలేదు. అది మొదలయ్యేదాకా బండి ఇప్పుడున్న స్థితి కంటే దిగజారకుండా ఏం చేశామో, ఎందుకు చేశామో చెప్పడమే ఈ నివేదిక ఉద్దేశం.

బండి నేపథ్యం

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత ఎడమ కాలువ కింద వరి సాగు పెరిగి, మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్‌మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. అలాంటి ఒక మిల్లు యజమాని ఈ కారును 1970ల తొలినాళ్లలో హైదరాబాదులో సెకండ్ హ్యాండుగా కొన్నారు. కొత్త అంబాసిడర్‌కు పేరు రాయించుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి కాబట్టి, చేతులు మారిన బండికి కూడా అప్పట్లో మంచి ధరే పలికింది. 1999 వరకు ఆయనే స్వయంగా నడిపారు. మోకాళ్ల నొప్పులతో నడపడం మానేశాక, మిల్లు వెనుక పాత గోదాములో గచ్చు నేల మీద దాన్ని నిలిపివేశారు. గోదాముకు రెండు వైపులా జాలీ కిటికీలున్నాయి, పైన పెంకుల కప్పు ఉంది. కావాలని చేసిన ఏర్పాటు కాకపోయినా, ఒక కారును నిలిపి ఉంచడానికి మా జిల్లాలో అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం.

పెద్దాయన పోయిన తర్వాత, 2019లో కొడుకులు బండిని బాగు చేయించాలనుకుని వేరే ఊళ్లోని ఒక షెడ్డుకు అప్పగించారు. అక్కడ ఇంజిన్ దింపి విప్పారు. తలుపులు, బానెట్, మడ్‌గార్డులు ఊడదీసి పాత రంగు గీకారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రావడంతో పని ఆగిపోయింది. ఆ తర్వాత ఆ షెడ్డు చోటు మారింది, బండి ఆరుబయట టార్పాలిన్ కిందికి వెళ్లింది. 2023లో మా దగ్గరికి వచ్చేనాటికి అది కారు రూపంలో లేదు. ఒక బాడీ, ఒక బ్లాకు (సిలిండర్లున్న ఇంజిన్ దిమ్మ), పదిహేను దాకా సంచులు వచ్చాయి. పెద్ద కొడుకు దించుతూ అన్న మాట ఇది: "నడిచే బండే మేస్త్రీ. హ్యాండిల్ ఏసి తిప్పితే తిరిగింది. ఇప్పిన కాడనే ఆగింది."

ఆయన మాట మీదే ఆధారపడాల్సిన అవసరం మాకు రాలేదు. 2019లో విప్పే ముందు ఆయన ఫోన్లో తీసుకున్న వీడియో ఇంకా ఉంది. అందులో ప్లగ్గులు తీసేసి, ముందు నుంచి స్టార్టింగ్ హ్యాండిల్ వేసి ఒక కుర్రవాడు తిప్పుతుంటే ఇంజిన్ అడ్డు లేకుండా తిరుగుతోంది. హెడ్ (సిలిండర్ల పైమూత) తీశాక తీసిన ఫొటోల్లో నాలుగు సిలిండర్ల గోడలూ నూనె పొరతో మెరుస్తున్నాయి. ఇరవై ఏళ్లు నిలిచిపోయిన ఇంజిన్ లోపలి స్థితికి ఇంతకంటే మంచి సాక్ష్యం మాకు ఏ బండి విషయంలోనూ దొరకలేదు.

ఇంజిన్

మార్క్ టూ అంబాసిడర్‌లో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్ కుటుంబానికి చెందిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9 మిల్లీమీటర్లు. బ్లాకు, హెడ్ రెండూ పోత ఇనుమువే. పోత ఇనుము సిలిండర్ గోడకు రక్షణగా ఉండేది దాని మీది నూనె పొర ఒక్కటే. హెడ్ బిగించి ఉన్నంత కాలం, ప్లగ్గులు తమ చోట ఉన్నంత కాలం, ఎయిర్ క్లీనర్ కూడా తీయకుండా ఉంటే సిలిండర్లోకి బయటి గాలి వెళ్లే దారులు చాలా తక్కువ. ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరిచి ఉంటుంది కాబట్టి పూర్తిగా మూసుకుపోతుందని అనలేము గానీ, లోపలికి వెళ్లేది ఆ కాస్త గాలే. హెడ్ తీసిన మరుక్షణం నుంచి ఆ నూనె ఆరిపోవడం మొదలవుతుంది, దుమ్ము దాని మీద కూర్చుంటుంది, ఆ దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం బాగా పెరుగుతుంది. మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా రోజులో ఎక్కువ భాగం ఆ గీత పైనే ఉంటుంది.

బ్లాకును బల్ల మీద పెట్టి చూసినప్పుడు నష్టం జరిగిన తీరు చాలా స్పష్టంగా కనిపించింది. ఈ ఇంజిన్లో ఒకటి, నాలుగు పిస్టన్లు పైకి వస్తే రెండు, మూడు పిస్టన్లు కిందికి వెళ్తాయి. హెడ్ తీసి వదిలేసిన రోజున ఒకటి, నాలుగు పైనున్నాయి. అంటే రెండో, మూడో సిలిండర్ల గోడలు దాదాపు మొత్తం పొడవునా గాలికి బయటపడ్డాయి. ఆ రెండింటి గోడల మీదే గోటికి తగిలేంత లోతు గుంటలు పడ్డాయి. ఒకటి, నాలుగు సిలిండర్ల గోడలు బాగానే ఉన్నాయి గానీ, టార్పాలిన్ చిరుగు నుంచి కారిన వాన నీరు పిస్టన్ల తల మీద నిలిచి, అంచు వెంట దిగి, రింగులను గోడకు అతికించేసింది. నష్టం రెండు రకాలుగా కనిపిస్తున్నా కారణం ఒకటే.

అతుక్కున్న పిస్టన్ల కోసం ఆటోమేటిక్ గేరు నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపి పోసి, అసిటోన్ ఆవిరి కాకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, ఆరినప్పుడల్లా మళ్లీ పోస్తూ వదిలేశాము. ఈ మిశ్రమం మంటకు దగ్గరగా ఉండకూడదు, గాలాడే చోటనే వాడాలి. తర్వాత కింది నుంచి వేపచెక్క దిమ్మ ఆనించి చిన్న సుత్తితో మెల్లగా తట్టితే రెండూ కదిలాయి. సెల్ఫ్ మోటారుతోనో, బండిని తాడు కట్టి లాగో అతుక్కున్న ఇంజిన్‌ను తిప్పాలని చూస్తే రింగులు విరుగుతాయి, ఒక్కోసారి పిస్టన్ రింగు గాడి అంచు కూడా పగులుతుంది. పిస్టన్ల తల మీద ఇరవై ఓవర్‌సైజు (అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు పెద్దది) ముద్ర ఉంది కాబట్టి ఈ బ్లాకు గతంలో ఒకసారి రీబోర్ అయినట్టే, అంటే సిలిండర్ గోడలను కోసి పెద్దవి చేశారు. గుంటలు పోయేదాకా మళ్లీ కోస్తే నలభై ఓవర్‌సైజుకు వెళ్లాలి. అప్పటికీ మూడో సిలిండర్లో ఒక గుంట మిగిలేలా ఉంది, దానికి స్లీవు (సిలిండర్ లోపల దించే కొత్త గొట్టం) వేయక తప్పదు.

పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్ షాఫ్టును ఒక గోనె సంచిలో చుట్టి నేల మీద పడేశారు. దాని జర్నళ్లలో (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాల్లో) ఒకదాని మీద నాలుగు వేళ్ల ముద్రలు తుప్పు రంగులో స్పష్టంగా అచ్చుపడి ఉన్నాయి. ఎవరో చెమట చేతితో పట్టుకుని దింపి, తుడవకుండా చుట్టేశారు. చెమటలోని ఉప్పు ఆ నాలుగేళ్లూ పని చేస్తూనే ఉంది. పాలిష్ కాగితంతో పోయే మరక కాదది, ఆ జర్నల్‌ను గ్రైండింగు పట్టాల్సిందే.

ఈ ఇంజిన్‌కు మూడే మెయిన్ బేరింగులు. వాటిని పట్టి ఉంచే క్యాపులను బ్లాకుకు బిగించిన తర్వాతే ఫ్యాక్టరీలో ఒకే వరుసలో బోరు చేస్తారు కాబట్టి ఆ క్యాపులు ఆ బ్లాకుకు తప్ప మరో దానికి పనికిరావు. మధ్య క్యాపు మొదట కనిపించలేదు. సంచులన్నీ కింద పోసి ఏరగా, తలుపు బోల్టుల మధ్య దొరికింది. అది దొరక్కపోతే వేరే క్యాపు తెచ్చి బ్లాకు మొత్తాన్ని లైన్ బోరింగ్ చేయించాల్సి వచ్చేది. వాల్వులను కదిలించే ట్యాపెట్లన్నీ కలిసిపోయాయి. ఏ ట్యాపెట్ క్యామ్ షాఫ్టు మీద ఏ మిట్టతో రాసుకుని అరిగిందో ఆ జంటలోనే తిరిగి వేయాలి, తారుమారైతే రెండూ త్వరగా అరిగిపోతాయి. ఇప్పుడు ఆ జంటలను కనిపెట్టే దారి లేదు కాబట్టి ట్యాపెట్లు కొత్తవి వేయాలి, క్యామ్ మిట్టలను సానబెట్టించాలి. ఎస్.యు. కార్బొరేటర్ విషయమూ అంతే. లోపలి పిస్టన్‌ను, దాని పైగిన్నెను జతగా సరిపోల్చి తయారు చేస్తారు. మాకు వచ్చిన గిన్నెలో ఆ పిస్టన్ కిందికి జారకుండా మధ్యలోనే పట్టేస్తోంది, అంటే వేరే కార్బొరేటర్‌ది వచ్చి ఇందులో కలిసింది.

ఆ సంచుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎక్కువ భాగం ఖాళీ యూరియా సంచులు. గట్టిగా ఉంటాయని, ఊరికే దొరుకుతాయని మన పల్లెల్లో ప్రతిదానికీ వాడతాము. యూరియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దులిపినా నేతలో పొడి మిగులుతుంది, తడిసి కుళ్లితే అమ్మోనియా వస్తుంది. ఇత్తడి జెట్లు, యూనియన్లు ఆకుపచ్చ పొర కట్టాయి. బంపర్ బ్రాకెట్ల క్రోమియం కింద నుంచి పొక్కింది. అదే సామాను వడ్ల గోనెలో ఉన్నా ఇంత నష్టం జరిగేది కాదు.

వీటన్నిటి మధ్య ఎవరూ ముట్టని రెండు భాగాలు ఉన్నాయి: గేరుబాక్సు, వెనుక డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె). డ్రెయిన్ ప్లగ్గు తీస్తే నల్లటి నూనె వచ్చింది, అడుగున నీటి చుక్క లేదు. పై మూత తీసి చూస్తే నూనె మట్టానికి పైనున్న పళ్ల మీద పల్చటి గోధుమ రంగు మరక తప్ప మరేమీ కనిపించలేదు, అది గుడ్డతో తుడిస్తే పోయింది. 1968 నాటి సామాను, అదే గోదాము, అదే టార్పాలిన్, అదే వానలు. తేడా అంతా మూత తీయకపోవడంలోనే ఉంది.

బాడీ

ఈ కారుకు వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే భారమంతా మోస్తుంది. అందువల్ల పలక మీది తుప్పు కంటే కింది పెట్టెల్లాంటి భాగాల్లోని తుప్పు గురించే మేము ఎక్కువగా భయపడతాము. పైకప్పు మీద పాత రంగు అలాగే ఉంది. వెలిసి, పొడి రాలుతున్నా దాని కింద రేకు శుభ్రంగా ఉంది. గీకిన తలుపులు, బానెట్, ముందు మడ్‌గార్డులు మాత్రం బూడిద రంగు ప్రైమర్ కింద చుక్కలు చుక్కలుగా తుప్పు లేచాయి. రంగు వేయడానికి ముందు వాడే మామూలు ప్రైమర్‌కు సన్నటి రంధ్రాలుంటాయి, అది నీటిని ఆపదు. పైన రంగు పడుతుందన్న లెక్కతోనే దాన్ని తయారు చేస్తారు. దాని మీద నాలుగు వానాకాలాలు గడిచాయి. యాభై ఏళ్ల నాటి ఎండిపోయిన రంగు, కొత్తగా కొట్టిన ప్రైమర్ కంటే ఎక్కువ కాపాడిందన్న సంగతి యజమానులకు నచ్చజెప్పడం కష్టం. ఈ బండి పైకప్పునూ బానెట్‌నూ పక్కపక్కన చూపించాక వాదన అవసరం లేకపోయింది.

టార్పాలిన్ గురించి కూడా చెప్పాలి. పగలు దాని కింద గాలి వేడెక్కి నేలలోని తేమను పైకి లాగుతుంది, తెల్లవారుజామున రేకు చల్లబడగానే ఆ తేమంతా నీటి బొట్లుగా దిగుతుంది. మన దగ్గర చలికాలంలో పగటికీ రాత్రికీ ఉండే తేడా పెద్దది కాబట్టి వాన పడని నెలల్లో కూడా బండి రోజూ తడుస్తూనే ఉంటుంది. కప్పడానికి ఏమీ దొరక్కపోతే పాత నూలు దుప్పట్లు కప్పి, పైన రేకు పందిరి వేయడం మేలు.

మూసి ఉన్న ఇరవై ఏళ్లలో నష్టమే లేదని దీని అర్థం కాదు. మిల్లు దుమ్ము, ఊక, తవుడు కిటికీ అద్దాల పక్క నుంచి తలుపుల్లోకి దిగి, అడుగున నీరు పోయే రంధ్రాలను మూసేశాయి. నాలుగు తలుపుల అడుగు అంచులనూ ఆ కారణంగానే తుప్పు తినేసింది. పందికొక్కులు వెనుక సీటు కొబ్బరిపీచులో కాపురం పెట్టాయి, డ్యాష్ వెనుక వైరింగు మొత్తాన్ని కొరికాయి, డిక్కీలో స్టెప్నీ గుంట వాటి మూత్రానికి చిల్లులు పడింది. పెట్రోల్ ట్యాంకులో 1999 నాటి పెట్రోల్ ఆవిరై, అడుగున బెల్లం పాకం ముదిరినట్టు జిగురు మిగిలింది. మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో మొదలైంది కాబట్టి ఆ పెట్రోల్ ఒకరకంగా మేలైనదే. ఇరవై శాతం ఇథనాల్ ఉన్న ఇవాళ్టి పెట్రోల్‌తో ఒక బండిని అంత కాలం వదిలేస్తే, తేమను పీల్చుకుని నీరు అడుగున వేరుపడి, ట్యాంకు లోపలి నుంచే చిల్లుపడుతుంది. బ్రేకులన్నీ పట్టేశాయి. బ్రేకు ద్రవం గ్లైకాల్ జాతిది, తేమను తనలోకి తీసుకోవడం దాని గుణం కాబట్టి వ్యవస్థ ఎంత మూసి ఉన్నా వీల్ సిలిండర్లు తుప్పు పడతాయి. ముందు చక్రాల డ్రమ్ములు 2019లో విప్పారు, వెనుకవి విప్పలేదు. తెరిచి చూస్తే రెండింటి సిలిండర్లూ ఒకే స్థితిలో ఉన్నాయి. మూసి ఉంచడం అన్నిటికీ మందు కాదని చెప్పడానికి ఈ బ్రేకులే ఉదాహరణ.

రేడియేటర్, బ్లాకు నీటి గదుల్లో తెల్లటి గట్టి పొర పేరుకుంది. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ ఇంజిన్లో పేరుకునేది ప్రధానంగా సున్నపు లవణాలు. బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లన్నిటిలోనూ ఇది కనిపిస్తుంది, ముఖ్యంగా నీటి ప్రవాహం తక్కువగా ఉండే వెనుక సిలిండర్ చుట్టూ. ఇది ఆగిన కాలంలో కాక, నడిచిన కాలంలో జరిగిన నష్టం.

లెక్క తేల్చితే

రెండు దశల నష్టాలనూ రెండు కాగితాల మీద రాసి కుటుంబం ముందు పెట్టాము. మూసి ఉన్న ఇరవై ఏళ్లు తిన్నవి: బ్రేకులు, టైర్లు, రబ్బరు సామాను, వైరింగు, సీట్లు, ట్యాంకు, తలుపుల అడుగు అంచులు. వీటిలో దాదాపు ప్రతిదీ కొనవచ్చు, లేదా మన టింకరింగు మేస్త్రీ రేకు వంచి వెల్డింగు పెట్టి తయారు చేయగలడు. విప్పి ఉన్న నాలుగేళ్లు తిన్నవి: సిలిండర్ బోర్లు, క్రాంక్, జతలు తప్పిన ట్యాపెట్లు, కార్బొరేటర్, బయటి రేకులు, పైగా కనిపించకుండా పోయిన మెరుగు పట్టీలు, తలుపు తాళాల పలకలు, స్పీడో మీటరు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. తర్వాతి మోడళ్ల సామాను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇంకా దొరుకుతుంది గానీ మార్క్ టూకు మాత్రమే సరిపోయే గ్రిల్లు, పట్టీలు, మీటర్లు కావాలంటే కోల్‌కతా మల్లిక్ బజార్ దాకా వాకబు చేయాలి, అక్కడా అదృష్టం కలిసి రావాలి.

కుటుంబానికి ఆ సంవత్సరం పూర్తి పునరుద్ధరణకు డబ్బు లేదు, ఇంట్లో ఒక పెళ్లి, మరోవైపు ఇల్లు కట్టడం ఉన్నాయి. "ఉన్నకాడికి జర జర చేసుకుంట పోదాం" అన్నారు. పాత బండ్లను చంపేది సరిగ్గా ఈ పద్ధతేనని మా అభిప్రాయం. డబ్బు వచ్చినప్పుడల్లా ఒక భాగం విప్పి, అది అయిపోగానే ఆపేస్తే, చేసిన పని మళ్లీ పాడవుతుంది, విప్పిన సామాను తప్పిపోతుంది. అందుకే పునరుద్ధరణ పనిని ముట్టకుండా, బండిని మళ్లీ మూసే పని ఒక్కటే చేస్తామని, అది ఒక్క విడతలో పూర్తి చేస్తామని చెప్పాము. ఒప్పుకున్నారు, కానీ కొంత నిరాశతోనే. డబ్బు పెట్టి చేయించిన పని కంటికి కనిపించకపోతే ఎవరికైనా అలాగే ఉంటుంది.

మళ్లీ మూసిన తీరు

బ్లాకును డీజిల్‌తో కడిగి, బోర్లలోని వదులు తుప్పును నూనెలో ముంచిన మెత్తటి పీచుతో తీశాము. రీబోర్ మాత్రం చేయించలేదు. కొత్తగా కోసిన ఇనుప గోడ పాత గోడ కంటే తొందరగా తుప్పు పడుతుంది, పైగా చేతిలో ఉన్న పిస్టన్లను కొలిచి దానికి తగ్గట్టు కోయాలే తప్ప ముందు కోసి తర్వాత పిస్టన్లు వెతకకూడదు. బోర్లకు, జర్నళ్లకు, క్యామ్‌కు చిక్కటి గేరు నూనె, గ్రీజు కలిపి దట్టంగా పట్టించి, పాత పిస్టన్లు, పాత బేరింగులతోనే క్రాంక్‌ను వాటి వాటి క్యాపులతో బిగించాము. పాత గ్యాస్కెట్‌తో హెడ్ పెట్టి, బోల్టులు చేతి బిగువు వరకే తిప్పాము. ఇది నడవడానికి పనికొచ్చే ఇంజిన్ కాదు, తన సామానును తనలో దాచుకునే పెట్టె మాత్రమే. ప్లగ్గు రంధ్రాలకు సిలికా జెల్ నింపిన ప్లగ్గులు వేశాము, గాలి, పొగ వెళ్లే మానిఫోల్డు మూతులకు రబ్బరు ముక్క పెట్టి రేకు పలక బిగించాము. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. ఇంజిన్లో కాగిన నూనెలో ఆమ్లాలు, తేమ, మసి ఉంటాయి, అది దాచడానికి పనికిరాదు.

బయటి రేకుల ప్రైమర్ మొత్తం గీకి, తుప్పు గుంటలకు ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణం పట్టించి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ రెండు పొరలు కొట్టాము. నీటిని ఆపే గుణం ఎపాక్సీకి ఉంది, కానీ ఎండను తట్టుకోదు, కాబట్టి నీడ తప్పనిసరి. పుట్టీ ఎక్కడా పెట్టలేదు. తలుపుల అడుగు రంధ్రాలు తెరిచి, కింది పెట్టె భాగాల్లోకి సన్నటి గొట్టంతో మైనం కలిసిన ద్రవం చిమ్మాము. పాత రంగు బాగున్న పైకప్పును సబ్బు నీళ్లతో కడిగి మైనం రుద్ది వదిలేశాము.

ఆ తర్వాతది మాకు అన్నిటికంటే ముఖ్యమైన పని: దొరికిన ప్రతి భాగాన్నీ బండి మీద దాని చోటనే తిరిగి బిగించడం. తలుపులు, బానెట్, అద్దాలు, బంపర్లు, లైట్లు, పాడైన మీటర్ల పలకతో సహా. తుప్పు పట్టిన భాగమైనా, మార్చేయబోయే భాగమైనా దాని చోట అది ఉంటే పోదు, పైగా రేపు కొత్తది చేయించడానికి నమూనాగా పనికొస్తుంది. తలుపులు వేలాడి ఉంటే ఏ వైపు బాడీ కుంగుతోందో తలుపు సందుల్లోనే తెలిసిపోతుంది. బిగించలేని చిన్న సామానును మూత ఉన్న స్టీలు డబ్బాల్లో, తుప్పు నిరోధక ఆవిరినిచ్చే కాగితంలో చుట్టి పెట్టాము. గుర్తులు కాగితం మీద రాయలేదు. కాగితాన్ని ఎలుకలు తింటాయి, సిరా వెలిసిపోతుంది. అల్యూమినియం రేకు ముక్కల మీద అక్షరాలు పంచ్ కొట్టి తీగతో కట్టాము.

బండిని వెనుక యాక్సిల్ కింద, ముందు కింది సస్పెన్షన్ చేతుల కింద స్టాండ్లు పెట్టి నిలిపాము. తలుపుల కిందుండే అంచు పెట్టెల కింద పెడితే తుప్పు పట్టిన రేకు లోపలికి నొక్కుకుపోతుంది. సస్పెన్షన్ తన మామూలు బరువు మోస్తూనే ఉంటుంది, టైర్లు మాత్రం నేలకు తగలవు. ట్యాంకు దించి, కడిగి, ఆరబెట్టి, పల్చగా నూనె చిలకరించి, మూతి కట్టాము. సైలెన్సర్ గొట్టానికి, గాలి మార్గాలకు స్టీలు జాలీ బిగించాము. వేపాకు, పొగాకు ఎలుకలను ఆపుతాయన్న నమ్మకం మాకు లేదు, ఎలుక దూరని జాలీ, సీట్లు లేని లోపలి భాగం, దగ్గర్లో ధాన్యం లేని గది మాత్రమే ఆపుతాయి. ఆ కారణంగానే బండిని తిరిగి మిల్లుకు పంపవద్దని చెప్పాము. ఇప్పుడది నల్లగొండలోనే వారి బంధువుల ఇంటి వెనుక, తాండూరు బండ పరిచిన గదిలో ఉంది. బండ కింద ప్లాస్టిక్ షీటు వేయించాము.

నడిచే స్థితిలో ఉన్న పాత కార్లను నెలకోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం ఒక అలవాటుగా ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే మండినప్పుడు పుట్టిన నీరు నూనెలోనూ సైలెన్సర్‌లోనూ మిగిలిపోతుంది. అలా స్టార్ట్ చేసే కంటే నాలుగో గేరులో పెట్టి, వెనుక చక్రం ఎత్తి చేతితో తిప్పడం నయం. వనపర్తి నుంచి వచ్చిన ఒక ప్రీమియర్ పద్మిని ఎనిమిదేళ్లు ఎవరూ ముట్టకుండా నిలిచినా, దాని 1089 సీసీ ఇంజిన్ ప్లగ్గు రంధ్రాల నుంచి నూనె పోశాక అలా చక్రం తిప్పడంతోనే వదిలింది.

కాగితాలు

బండి ఆర్‌సీ ఇంకా పెద్దాయన పేరుతోనే ఉంది. యజమాని మరణం తర్వాత వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31 వేయాలి. ఛాసిస్, ఇంజిన్ నంబర్ల పెన్సిల్ ముద్రలు తీసి, ఆర్‌సీతో సరిచూసి, రెండూ కలిశాకే పని మొదలుపెట్టాము. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన, మూల రూపంలో ఉన్న వ్యక్తిగత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఏర్పాటు చేసింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ చేయించడానికి 5,000. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనం పోయించడానికి తప్ప రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. పాత బ్లాకును పారేసి ఏదైనా మారుతీ ఇంజిన్ వేయమని దగ్గరివారు ఇచ్చిన సలహాను కుటుంబం పక్కన పెట్టడానికి ఈ నిబంధనే కారణమైంది. స్లీవు ఖర్చు ఎక్కువైనా ఆ నంబరున్న బ్లాకునే కాపాడాలని వారు తేల్చుకున్నారు.

వానాకాలాల తర్వాత

మూసిన తర్వాత ప్రతి వానాకాలం ముగిశాక, హెడ్ తీయకుండానే, ఒకసారి పరీక్షించి చూస్తున్నాము. ప్లగ్గుల్లోని సిలికా జెల్ రంగు మారితే మార్చుతాము, హ్యాండిల్‌తో క్రాంక్‌ను ఒకటిన్నర చుట్లు తిప్పి పిస్టన్లు వేరే చోట ఆగేలా వదులుతాము, తలుపు సందులు కొలుస్తాము. సందులు ఇంతవరకు మారలేదు. బోర్లలో కొత్త తుప్పు లేదు. డ్రైవర్ వైపు వెనుక చక్రం పైనున్న వంపులో, మైనం చేరని ఒక మూల, ఎపాక్సీ పొర కింద అరచేయంత మేర పొక్కు లేచింది. గీకి మళ్లీ కొట్టాము, లోపలి వైపు నుంచి కూడా మైనం పట్టించాము.

నలభై ఓవర్‌సైజు పిస్టన్ల సెట్టు, మార్క్ టూ గ్రిల్లు కోసం వెతుకులాట సాగుతోంది. జత కుదిరిన ఎస్.యు. కార్బొరేటర్ మాత్రం దొరికింది, దాన్ని విప్పకుండానే నూనె పట్టించి డబ్బాలో పెట్టాము. పిస్టన్లు చేతికి రాగానే ముందు కొలిచి, ఆ తర్వాతే బ్లాకును బోరింగు షాపుకు పంపుతాము. అప్పటిదాకా ఇంజిన్ పెట్టె తెరవము.